బంగాళాఖాత అవక్షేపాల్లో 14,500 ఏళ్ల దగ్గర కనిపించే మెట్టు నిజమా, సవరణ దోషమా?

హనుమకొండలో పీజీ ప్రాజెక్టు కోసం, బంగాళాఖాతంలో తీసిన ఒక అవక్షేప కోర్ (సముద్రగర్భం నుంచి స్తంభంలా తీసిన మట్టి పొరలు) తాలూకు బహిరంగ డేటాతో గత 22,000 ఏళ్ల రుతుపవనాలను అంచనా వేస్తున్నాను. (మన పాకాల, రామప్ప చెరువుల పూడిక కాకతీయుల కాలాన్ని దాటి వెనక్కి వెళ్లదు కనుక సముద్రాన్నే ఆశ్రయించాను.)

గ్లోబిజెరినాయిడిస్ రూబర్ అనే సూక్ష్మ సముద్రజీవి గుల్లల మెగ్నీషియం-కాల్షియం నిష్పత్తితో ఉష్ణోగ్రతను లెక్కించి, దాని ప్రభావాన్ని ఆ గుల్లల ఆక్సిజన్-18 (బరువైన ఆక్సిజన్ ఐసోటోపు) విలువల నుంచి తొలగించి, ఆపైన హిమఫలకాల ప్రభావాన్ని (అవి తేలికైన ఆక్సిజన్ ఎక్కువున్న నీటిని బంధించడంతో సముద్రంలో ఈ విలువ పెరుగుతుంది) ప్రపంచ సముద్రమట్టపు వక్రరేఖ ఆధారంగా మీటరుకు 0.008 పర్ మిల్ (వెయ్యింట భాగాలు) చొప్పున తీసివేశాను. ఇక మిగలాల్సింది ప్రధానంగా నదీజలాల ప్రభావమే. అయితే సుమారు 14,500 ఏళ్ల క్రితం ఈ మిగిలిన విలువ ఒక్కసారిగా 0.13 పర్ మిల్ మెట్టులా పెరుగుతోంది (నదీజలం తగ్గితే ఇది పెరుగుతుంది). అంటే రుతుపవనాలు బలపడ్డాయని ఇతర రికార్డులు చెప్పే కాలంలోనే ఇక్కడ నీరు ఉప్పెక్కినట్టు కనిపిస్తోంది. హిమఫలకాలు వేగంగా కరిగి, సముద్రమట్టం కొన్ని వందల ఏళ్లలోనే దాదాపు 16 మీటర్లు పెరిగిన ఘట్టం అది, 16ను 0.008తో గుణిస్తే దాదాపు ఇదే సంఖ్య రావడం నాకు కాకతాళీయంగా అనిపించడం లేదు.

నమూనాల మధ్య ఎడం సుమారు 250 ఏళ్లు, రేడియోకార్బన్ వయసుల్లో అనిశ్చితి ±300 ఏళ్లు. ఉష్ణోగ్రత సమీకరణాన్ని మార్చినా, మెరైన్20లో (సముద్ర నమూనాల రేడియోకార్బన్ వయసులను క్యాలెండర్ ఏళ్లలోకి మార్చే వక్రరేఖ) స్థానిక రిజర్వాయర్ సవరణను (సముద్రపు నీటిలోని పాత కార్బన్ వల్ల వచ్చే తేడాకు చేసే దిద్దుబాటు) మార్చినా మెట్టు పోలేదు. సముద్రమట్టపు వక్రరేఖను వెయ్యేళ్ల సగటుతో నునుపు చేస్తే పోతోంది గానీ, ఆ వెయ్యేళ్లను ఎంచుకోవడానికి నా దగ్గర ఆధారమేమీ లేదు.

ఇటువంటి కోర్‌కు, వయసు అనిశ్చితి మేరకు వక్రరేఖను ముందే నునుపు చేసి తీసివేయడం సరైనదా, లేక మాంటె కార్లో పద్ధతిలో (వయసులను అనిశ్చితి మేరకు యాదృచ్ఛికంగా మారుస్తూ అనేకసార్లు లెక్కించడం) వచ్చే ప్రతి వయసు-లోతు అంచనాకూ విడివిడిగా సవరణ చేసి ఫలితాల మధ్యస్థాన్ని తీసుకోవాలా?