అప్‌డేట్: కారు లేకుండానే లేకాక్ చూసి వచ్చాం

మోకాళ్ళ నొప్పులున్న అమ్మను వెంటబెట్టుకుని, కారు లేకుండా ఇంగ్లండులోని బాత్ నగరం నుంచి విల్ట్‌షైర్‌లోని లేకాక్ గ్రామానికి వెళ్ళిరావడం వీలవుతుందా అని అడిగిన నాకు సలహాలిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. రైలులో చిప్పెన్‌హామ్ దాకా వెళ్ళి అక్కడ బస్సెక్కమన్న సూచనే పనికివచ్చింది. బస్సు ఊళ్ళోనే దింపింది కనుక కార్ పార్కింగ్, ట్యాక్సీల గురించిన చర్చ మాకు అవసరపడలేదు.

వీధుల్లో తిరగడానికి టిక్కెట్టు లేదు. ఊరిలో అధికభాగం 1944 నుంచి నేషనల్ ట్రస్టు అనే వారసత్వ సంరక్షణ సంస్థదే అయినా, ఆ పాత ఇళ్ళలో ఇప్పటికీ జనం కాపురముంటున్నారు. గుమ్మాల ముందు నిలబడి ఫొటోలు తీసుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకుంటే బాగుండును. టిక్కెట్టు కావలసింది 1232లో క్రైస్తవ సన్యాసినుల మఠంగా స్థాపించిన అబ్బేకీ, మ్యూజియానికీ. 1835లో ఫొటోగ్రఫీ ఆద్యుల్లో ఒకరైన ఫాక్స్ టాల్బట్ నెగెటివ్‌గా (వెలుగునీడలు తారుమారైన ఫొటోగా) పట్టిన కిటికీ అబ్బే పైఅంతస్తులో ఉంది. తపాలా బిళ్ళంత ఉన్న ఆ నెగెటివ్‌లో, భూతద్దం పెట్టి చూస్తే సుమారు 200 అద్దపు ముక్కలను లెక్కించవచ్చునని ఆయనే రాసిపెట్టారు. అమ్మ రెయిలింగు పట్టుకుని నెమ్మదిగా మెట్లెక్కి ఆ కిటికీ చూసింది. మెట్లెక్కలేని వారికి కింది అంతస్తులోని మఠపు వసారాలు చాలు. తిరుగు బస్సు వేళలు మాత్రం ముందే చూసుకోండి.