మిద్దెతోట బ్లాగులోనే వంటలు, యాత్రలు, కథలు కూడా రాయొచ్చా? విడివిడిగా పెట్టాలా?

మిద్దెపందిరి:
నమస్కారమండీ. బ్లాగర్‌లో మిద్దెతోటల మీద 64 టపాలున్నాయి. రోజుకు 150 మంది దాకా వస్తారు, దాదాపు అందరూ గూగుల్ నుంచే. ఏడాదిగా ఆ లెక్క కదలడం లేదు. వంటలు, గుళ్ల యాత్రలు, కథలు, ఇంటి పొదుపు, ఈ నాలుగూ రాయాలని ఉంది. అన్నీ ఒకేచోట పెడితే ఉన్నవాళ్లు పోతారేమోనని భయం. నాలుగు బ్లాగులు తెరిస్తే ఏదీ నడపలేనేమోనని ఇంకో భయం. ఏది దేని పక్కన ఇముడుతుంది? ఎన్నాళ్లు చూసి వదిలేయాలి?

ఎర్రసిరా:
విషయాన్ని బట్టి కాకుండా, చదివే మనిషిని బట్టి విడదీయండి. "బీరపాదుకు పిందె రాలిపోతోంది" అని వెతికే మనిషి కాయ నిలిచాక దాన్ని వండుకునే మనిషే. కాబట్టి వంటలు తోటకు పక్కిల్లు, అదే బ్లాగులో ఉండొచ్చు. యాత్రల కోసం వచ్చేవాళ్లు బస్సు వేళలు చూసుకుని వెళ్లిపోతారు, తోటవైపు తల తిప్పరు. కథలనైతే గూగుల్‌లో వెతికి వచ్చేవాళ్లే తక్కువ.

వంటలు అనగానే గుత్తివంకాయతో మొదలుపెట్టకండి. అక్కడ పెద్ద వీడియో ఛానెళ్లు, పత్రికల సైట్లు ఎప్పుడో కూర్చున్నాయి. తోట ఉన్నవాళ్లకే వచ్చే ఇబ్బందులు పట్టుకోండి: ఒకేసారి మూడు కిలోల టమాటా పండితే ఏం చేయాలి, ముదిరిన బెండకాయలు దేనికి పనికొస్తాయి, మునగాకు నీడలో ఆరబెట్టి పొడి ఎలా కొట్టాలి, నాలుగు కుండీల గోంగూరకు ఎంత పచ్చడి వస్తుంది. ఇవి రాయాలంటే చేతిలో తోట ఉండాలి, అదే మీ బలం. మీకు ఎక్కువమంది వచ్చే అయిదు తోట టపాలు తీసి, వాటిలో కోతకొచ్చే పేరా దగ్గరే ఈ కొత్త టపాకు లింకు ఇవ్వండి. చివర్లో "ఇవి కూడా చదవండి" అని పెడితే అక్కడిదాకా వచ్చేవాళ్లు కొద్దిమందే.

ఇక గడువు. ఒక్కో విషయానికి 8 టపాలు, వారానికొకటి. తర్వాత ఇంకో 8 వారాలు ఆ విషయాన్ని ముట్టుకోకుండా వదిలేయండి. రెండు మూడు టపాలతో తీర్పు చెబితే, తగిలినదీ తప్పినదీ అదృష్టమో రాతో తేలదు. పైగా కొత్త టపా గూగుల్‌లో కుదురుకోవడానికి వారాలు పడుతుంది. ఒకే కాలంలో రెండు కొత్త విషయాలు మొదలుపెట్టొద్దు, పెరిగినా తరిగినా కారణం దొరకదు.

16 వారాల తర్వాత చూపులు (వ్యూస్) ఎన్ని అని చూడకండి. వంట టపాకు వచ్చిన వందమందిలో ఎంతమంది ఇంకో పేజీ తెరిచారో చూడండి. అది తోట టపాల్లో కంటే బాగా తక్కువగా ఉంటే, చూపులు ఎన్ని వచ్చినా ఆ విషయం మీ ఇంటిది కాదు. రుతువు మాట మరవకండి. ఆవకాయ టపా ఏప్రిల్, మే నెలల్లో లేస్తే అది మీ గొప్పా కాదు, జులైలో పడిపోతే తప్పూ కాదు. నిరుటి అదే నెలతో పోల్చండి. సెర్చ్ కన్సోల్ (గూగుల్ వెతుకులాటలో మన పేజీలు ఎలా నడుస్తున్నాయో చూపే గూగుల్ పనిముట్టు) 16 నెలల లెక్కలు ఉంచుతుంది కాబట్టి పోల్చడం కుదురుతుంది.

నట్టూ_బోల్టూ:
పైన చెప్పింది సరే, విషయాలవారీగా లెక్క తీయాలంటే ముందు పర్మాలింకులు (ఒక్కో టపాకు ఉండే శాశ్వత లింకులు) చక్కబెట్టాలి. శీర్షిక పూర్తిగా తెలుగులో ఉంటే బ్లాగర్ ఆ అక్షరాలన్నీ వదిలేసి "బ్లాగ్-పోస్ట్", పక్కన ఏదో అంకె అని లింకు తయారుచేస్తుంది. మీ 64 టపాల్లో సగం అలాగే ఉండుంటాయి. ఏది తోటో ఏది వంటో ఆ లింకు చూసి మనకే తెలియదు.

ఇకపై పబ్లిష్ నొక్కే ముందు కుడిపక్క పోస్ట్ సెట్టింగ్స్‌లో కస్టమ్ పర్మాలింక్ ఎంచుకుని ఇంగ్లీషు అక్షరాల్లో రాయండి. మొదటి మాట ఎప్పుడూ విషయం పేరే ఉండాలి: తోట-, వంట-, యాత్ర- (ఇవీ ఇంగ్లీషు అక్షరాల్లోనే). ఆ తర్వాత టపా పేరు. అప్పుడు సెర్చ్ కన్సోల్‌లో పేజీ ఫిల్టరు పెట్టి, యూఆర్ఎల్‌లో "వంట-" ఉన్నవి మాత్రమే అంటే ఆ విషయం లెక్క మొత్తం ఒక్క తెరలో వస్తుంది. పాత టపాల్ని మాత్రం కదిలించకండి. లింకు మార్చాలంటే టపాను డ్రాఫ్టుకు తిప్పాలి, పాత లింకు విరిగిపోతుంది, ఒక్కోదానికీ సెట్టింగ్స్‌లో కస్టమ్ రీడైరెక్ట్ (పాత లింకు నొక్కినవాళ్లను కొత్తదానికి పంపే ఏర్పాటు) రాయాలి. 64 సార్లు ఆ తద్దినం ఎందుకు.

రేపు వర్డ్‌ప్రెస్‌కు మారినా ఇదే అలవాటు ఉంచుకోండి. అక్కడ తెలుగు లింకు ఉంటుంది గానీ ఒక్కో తెలుగు గుర్తు (అక్షరం, ఒత్తు, గుణింతం దేనికదే) లింకులో 9 క్యారెక్టర్లు తింటుంది. స్లగ్ (లింకులో టపా పేరుండే భాగం) హద్దు 200. అంటే 22 గుర్తులకే తెగుతుంది. "ళ్లు" ఒక్కటే నాలుగు గుర్తులు, లెక్కేసుకోండి.

ఎంతమంది ఇంకో పేజీ తెరిచారు, మళ్లీ ఎవరొచ్చారు అన్నవి గూగుల్ ఎనలిటిక్స్‌లో చూడాలి. అక్కడ ఎక్స్‌ప్లోరేషన్లకు (మనకు కావలసినట్టు మనమే తయారుచేసుకునే నివేదికలు) డేటా మనం మార్చకపోతే 2 నెలలే నిలవుంటుంది. అడ్మిన్‌లో డేటా రిటెన్షన్‌కు వెళ్లి 14 నెలలకు మార్చండి. ఇవాళే మార్చండి, పోయినది తిరిగి రాదు.

ఇంకొకటి. తెలుగులో వెతికేవాళ్లు సగం మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు, అదీ "వంకాయ"లో కా దగ్గర ఒకరు ఇంగ్లీషు ఏ అక్షరం రెండుసార్లు, ఇంకొకరు ఒక్కసారే. ఆ రూపాలన్నీ టపాలో కుమ్మరించకండి, చదవడానికి అసహ్యంగా ఉంటుంది. పర్మాలింకులో ఒకటి, బొమ్మ ఫైలు పేరులో ఇంకోటి చాలు.

తోకచుక్క:
ఎర్రసిరా గారితో ఒకచోట ఒప్పుకోను. వంటలు పక్కిల్లే అయినా 8 టపాలు వరసగా వేస్తే తోట కోసం చందాదారులైనవాళ్లు రెండు నెలలు తోట చూడరు. రెండు తోట టపాలకు ఒక వంట అన్న వరసలో వెళ్లండి. 24 వారాలు పడుతుంది, పట్టనివ్వండి. "రకరకాల విషయాల మీద కుప్పలుగా రాసి ఏదో ఒకటి తగలకపోతుందా అని చూస్తున్నారా?" అనే అర్థం వచ్చే ప్రశ్న గూగుల్ తన మార్గదర్శకాల్లోనే పెట్టింది. నాలుగు విషయాల బ్లాగు సరిగ్గా అలాగే కనిపిస్తుంది.

కథలు బ్లాగులో వద్దు. ప్రతిలిపి లాంటి చోట పాఠకులు రచయితను అనుసరిస్తారు, కొత్త భాగం రాగానే వాళ్లకు కబురు వెళ్తుంది. మీరు చేయాల్సింది వేళ తప్పకపోవడం. ఒక్కో భాగం 900 నుంచి 1200 పదాలు, వారంలో రెండు రోజులు, అవే రోజులు. మొదటి భాగం వేసేనాటికి ఆరు భాగాలు చేతిలో రాసి ఉండాలి. నాలుగో భాగం దగ్గర ఆగిపోయిన ధారావాహికను నమ్మి రెండోసారి ఎవరూ రారు.

పొదుపు సంగతి: పాల చీటీ, కరెంటు బిల్లు, చిట్టీలో కసరు ఎలా లెక్కేస్తారు, ఇవి నిక్షేపంగా రాయండి. ఫలానా షేరు కొనండి, ఫలానా ఫండులో వేయండి అని డబ్బు తీసుకుని సలహా ఇవ్వాలంటే మాత్రం సెబీ (షేర్ల మార్కెట్‌ను నియంత్రించే సంస్థ) రిజిస్ట్రేషన్ కావాలి. అటు వెళ్లకండి. డబ్బు, ఆరోగ్యం రాతల్ని గూగుల్ కూడా మిగతావాటికంటే గట్టిగా జల్లెడ పడుతుంది.

మిద్దెపందిరి:
అందరికీ ధన్యవాదాలండీ. ఎనలిటిక్స్ మార్చేశాను. వంటలు మొదలుపెడతాను, కథలు ప్రతిలిపికి. యాత్రల మీద మనసు పోవడం లేదు. పంచారామాల మీద ఒక్క టపా ఈ బ్లాగులోనే వేస్తే తప్పా?

ఎర్రసిరా:
ఒక్కటైతే ఫరవాలేదు, కానీ ఇక్కడ అది ఒంటరిదవుతుంది. యాత్రలకు వేరే బ్లాగు తెరిచి, ఏడాదికి ఆరు టపాలే అనుకోండి. పంచారామాలది కార్తీకానికి కనీసం ఆరేడు వారాల ముందే వేయాలి. దీపావళి వెళ్లాక వేస్తే గూగుల్ గుర్తుపట్టేసరికి పోలి స్వర్గం కూడా అయిపోతుంది. స్థలపురాణం అందరూ రాశారు. విజయవాడ నుంచి బయల్దేరేవాళ్లకు అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట, ఈ వరసలో ఏ గుడి దగ్గర ఎంతసేపు పడుతుంది, మధ్యాహ్నం ఏ గుడి మూస్తారు, సోమవారం వరస ఎంత ఉంటుంది, ఆర్టీసీ ప్రత్యేక బస్సు ఎక్కడ ఎంతసేపు ఆపుతుంది, భోజనం ఏ ఊళ్లో కుదురుతుంది, ఇవి రాయండి. వేళలు ఏటా మారతాయి. అందుకే లింకులో సంవత్సరం పెట్టకుండా, అదే టపాను ప్రతి ఆశ్వయుజంలో సరిచూసి, "ఫలానా తేదీన సరిచూసింది" అని పైన రాయండి.