అప్‌డేట్: ఆర్‌ఓ డెమోలో నీళ్లు తుప్పురంగుకు తిరగడం – కారణం తేలింది

ఆర్‌ఓ (నీళ్లలోని లవణాలను తీసేసే ఫిల్టర్) అమ్మేవాళ్ల డెమోలో, నీళ్లలో కడ్డీలు ముంచి కరెంటు పంపే పరికరం పెడితే కుళాయి నీళ్లలో తుప్పురంగు మడ్డి తేలింది, ఆర్‌ఓ నీళ్లు తేటగానే ఉన్నాయి, ఇది మురికేనా అని అడిగాను. జవాబులిచ్చిన అందరికీ థాంక్స్.

ఆర్‌ఓ నీళ్లలో చిటికెడు ఉప్పు కలిపి మళ్లీ పెట్టమన్న సలహాతో తేలిపోయింది: అవీ అదే రంగుకు తిరిగాయి. మడ్డి నీళ్లలోది కాదు, ఇనుప కడ్డీ కరిగి వచ్చినది. ఆర్‌ఓ నీళ్లలో లవణాలు తక్కువ కాబట్టి కరెంటు సరిగా పారదు, కడ్డీ పెద్దగా కరగదు. (ఉప్పు డబ్బా బయటికి తీస్తే డెమో తొందరగా ముగుస్తుంది!)

ల్యాబ్‌లో కుళాయి నీళ్ల టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉన్న లవణాల మొత్తం) లీటరుకు 310 మి.గ్రా. వచ్చింది. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 500 దాకా ఫర్వాలేదు. కోలిఫాం (నీళ్లు కలుషితమయ్యాయని సూచించే బ్యాక్టీరియా) లేదు. నీళ్లు మరిగించడం, టీడీఎస్ పెన్ను (టీడీఎస్ కొలిచే చిన్న మీటరు) మార్చడం ఇక్కడ అక్కర్లేని పనులు.

చేసి చూసేవాళ్లు ప్లగ్గు తీశాకే గ్లాసు ముట్టుకోండి, ఆ నీళ్లు పారబోయండి.