రీకాయిల్‌కి (తుపాకీ వెనక్కి తన్నడానికి) గురి చూసే స్కోప్ జరిగిపోతోంది, ఏ మౌంట్ (స్కోప్‌ని తుపాకీకి బిగించే సెట్టు) తీసుకోవాలి?

అన్నలూ, కొలరాడోలో ఉంటాను. ఎల్క్ (పెద్ద జింక) వేటకి 338 విన్‌చెస్టర్ మాగ్నమ్ రైఫిల్ తీసుకున్నాను. రేంజ్‌లో పంతొమ్మిదో గుండుకి గురి తప్పింది. చూస్తే స్కోప్‌ని పట్టి ఉంచే ముందు రింగు అంచు దగ్గర స్కోప్ ట్యూబ్ మీద బియ్యపుగింజంత మెరిసే గీత. అక్టోబరులో కొండెక్కాలి, చాలా టెన్షన్‌గా ఉంది. అల్యూమినియం రింగులు తీసేసి స్టీలువి వేయాలా?

— తమ్ముడూ, లోహం సంగతి తర్వాత. ముందు బేస్ (రింగుల కింద తుపాకీకి బిగించే పట్టీ) విప్పి స్క్రూలు చూడు. 6-48 సైజువి అయితే వాటి మందం 0.138 అంగుళమే. గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాడు) దగ్గర 8-40 సైజుకి మార్పించు, అవి 0.164. తుపాకీ వెనక్కి తన్నితే స్కోప్ ఉన్నచోటే ఉండాలని చూస్తుంది, ఆ భారమంతా ఆ చిన్న స్క్రూల మీదే. అందుకే బరువైన స్కోప్ వద్దంటాను. రింగుని బేస్ మీది గాడిలో ముందుకి ఆనించి బిగించు. నా 375 హెచ్ అండ్ హెచ్ రైఫిల్‌కి ఇలా చేశాకే మనసు కుదుటపడింది.

— నాది రూగర్ హాక్‌ఐ రైఫిల్. రింగులు నేరుగా రిసీవర్ (తుపాకీ నడిమి లోహపు భాగం) మీదే కూర్చుంటాయి, విడి బేస్ లేదు. కొత్తది కొనేవాళ్లు ఇది ఆలోచించండి.

— విప్పాను అన్నా. 6-48లే. రంధ్రాల్లో నూనె అలాగే ఉంది, ట్యూబ్ మీద కూడా జిడ్డు. అసిటోన్‌తో తుడిచాను. స్క్రూలకి నీలం లాక్‌టైట్ (స్క్రూలు వదులవకుండా పట్టే జిగురు) వేయాలా?

— బేస్ స్క్రూలకి ఒక్క చుక్క. రింగులకి వద్దు, తయారీదారు చెప్పిన టార్క్ (బిగింపు బలం) చాలు. చేత్తో అంచనా వేయకు, టార్క్ రెంచ్ కొను.