అప్‌డేట్: గ్రనడా కథీడ్రల్, రాజసమాధి మందిరం చూసి వచ్చాం

స్పెయిన్‌లోని గ్రనడా నగరపు ప్రధాన చర్చి అయిన కథీడ్రల్‌నూ, దాన్ని ఆనుకుని ఉన్న రాజసమాధి మందిరాన్నీ ఒకే పూటలో చూడగలమా, ముందు ఏది చూడాలి అని లోగడ అడిగాను. ముందు సమాధులు చూడమన్న సలహానే పాటించాం, అదే సరైనదని ఇప్పుడు నేనూ చెప్పగలను. రెండింటికీ టికెట్లు వేరు, ద్వారాలూ వేరు.

1505లో మొదలై 1517లో పూర్తయిన ఆ మందిరంలో, స్పెయిన్‌ను ఏలిన రాణి ఇసబెల్లా, రాజు ఫెర్డినాండుల పాలరాతి ప్రతిమలు దిండ్ల మీద తలలు ఆన్చి పక్కపక్కనే పడుకుని ఉంటాయి. ఆ శిల్పవైభవం కళ్లలో ఉండగానే మెట్లు దిగితే, కింద ఒక చిన్న గదిలో ఏ ఆడంబరమూ లేని ఐదు సీసపు శవపేటికలు కనిపిస్తాయి. వాటిలో ఒకటి ఆ రాజదంపతుల మనవడు, రెండేళ్లయినా నిండకుండానే చనిపోయిన మిగెల్‌ది. మా అమ్మ అక్కడి నుంచి చాలాసేపు కదలలేదు.

తర్వాత కథీడ్రల్‌లో అడుగుపెట్టగానే తెల్లని మహాస్తంభాల మధ్య వెలుతురు ఒక్కసారిగా ముంచెత్తింది. 1523లో మొనదేలిన తోరణాల గోథిక్ పద్ధతిలో తలపెట్టిన కట్టడాన్ని 1528 నుంచి వాస్తుశిల్పి దియేగో దె సిలోయె, ప్రాచీన రోమన్ కట్టడాలను ఆదర్శంగా తీసుకున్న పునరుజ్జీవన శైలికి మళ్లించాడు. ప్రధాన వేదికపై వలయాకారంగా లేచిన గోపురం ఆయన ప్రతిభకు నిదర్శనం.

రెండింటికీ కలిపి మూడు గంటలు పట్టింది. రాణి కిరీటం, ఆమె సేకరించిన ఫ్లెమిష్ (నేటి బెల్జియం ప్రాంతపు) చిత్రాలు ఉన్న గదికి మరో అరగంట తప్పక ఉంచుకోండి.