ఇంటి పన్ను బకాయికి నల్లా కట్ చేయడమా, ఇల్లు వేలం వేయడమా?

కుట్టు_మిషన్
ఊరి పేరు రాయను, ఉమ్మడి పాలమూరులోదే. మార్చి నెల, బకాయిల వసూలు నడుస్తోంది. మంగళవారం పొద్దున పదకొండింటికి మున్సిపాలిటీ వాళ్లు నలుగురు వచ్చి నా బ్లౌజుల షాపు షట్టర్ దించి, తాళానికి తెల్లగుడ్డ చుట్టి లక్కతో సీల్ వేశారు. బిల్డింగ్ ఓనర్ ఏడేళ్లుగా ఇంటి పన్ను కట్టలేదట. ఆయన హైదరాబాద్‌లో ఉంటాడు. నేను ప్రతి నెలా ఐదో తారీఖున అద్దె పంపిస్తాను. లోపల పద్నాలుగు పెళ్లి బ్లౌజులు ఉండిపోయాయి. అదే రోజు వెనక గల్లీలో ఒక ముసలామె ఇంటి నల్లా కోసేసి, పైపు మూతికి చెక్కముక్క కొట్టి పోయారు. ఆమె పక్కింటి నుంచి బిందెతో మోసుకుంటోంది. పన్ను వసూలు చేయాల్సిందే, కాదనను. కానీ ఇదా పద్ధతి?

ఎడిసన్_నల్గొండ
మాది నల్గొండ, 16 ఏళ్లుగా న్యూజెర్సీలో ఉంటున్నాను. ఇక్కడ ఎలా చేస్తారో చెబుతా. పన్ను కట్టకపోతే ఆ బాకీ ఇంటి మీద లీన్‌గా కూర్చుంటుంది. అంటే ఆ బాకీ తీరకుండా ఇల్లు అమ్మలేరు, లోన్ పుట్టదు. మున్సిపాలిటీ ఏడాదికోసారి ఆ బాకీ పత్రాలను వేలం వేస్తుంది. వేలం వేసేది ఇంటిని కాదు, బాకీని. పాట వడ్డీ మీద నడుస్తుంది, 18 శాతం నుంచి కిందికి. తక్కువ వడ్డీకి ఒప్పుకున్నవాడు మున్సిపాలిటీకి డబ్బు కట్టేసి పత్రం తీసుకుంటాడు. ఓనర్ వడ్డీతో సహా తీరిస్తే అయిపోయింది. రెండేళ్లయినా తీర్చకపోతే పత్రం ఉన్నవాడు ఇంటి కోసం కోర్టుకు పోవచ్చు, దాన్నే ఫోర్‌క్లోజర్ అంటారు. ఊరికి డబ్బు వెంటనే వస్తుంది, ఓనర్‌కు టైమ్ దొరుకుతుంది, అద్దెకున్నవాడి షట్టర్ జోలికి ఎవరూ పోరు. మన దగ్గర ఇది ఎందుకు పెట్టకూడదు?

పిల్లలమర్రి_నీడ
ఇంటి పన్నును ఫైనాన్స్ వాళ్ల చేతిలో పెడితే అది గిరిగిరి అవుతుంది, అదే రోజువారీ వడ్డీ వసూళ్ల దందా. రోజూ పొద్దున్నే వచ్చి గడపలో కూర్చుంటారు. వద్దు.

ఎడిసన్_నల్గొండ
18 శాతానికే భయపడుతున్నారు. మన మున్సిపాలిటీ వేసేది నెలకు 2 శాతం, ఏడాదికి 24. ఆ సంగతి ఎవరూ అడగరేం?

బిల్_కలెక్టర్_రిటైర్డ్
ముప్పై ఏళ్లు ఇల్లిల్లూ తిరిగి బిల్లులు ఇచ్చినవాణ్ణి, నాకు తెలిసింది రాస్తాను. పన్ను రెండు అర్ధ సంవత్సరాలకు పడుతుంది. గడువు దాటితే నెలకు 2 శాతం. ఏప్రిల్‌లోనే ఏడాది మొత్తం కడితే 5 శాతం తగ్గిస్తారు. బాకీ పడితే ముందు బిల్లు, తర్వాత డిమాండ్ నోటీసు, రెడ్ నోటీసు, ఆ తర్వాత ఇంట్లో సామాను జప్తు చేసే వారంట్. చివరికి రెవెన్యూ రికవరీ చట్టం ఉంది, 1864 నాటిది. బాకీ ఆ ఆస్తి మీదే ఉంటుందని మన చట్టమూ చెబుతుంది, కొత్తగా అమెరికా నుంచి తేనక్కర్లేదు. కానీ ఇల్లు వేలం దాకా పోయిన కేసు నా సర్వీసులో ఒక్కటీ చూడలేదు. మార్చి 31 లోపల టార్గెట్ కావాలి. నల్లా కట్ చేస్తే సాయంత్రానికి డబ్బు వస్తుంది, వేలం అంటే ఏళ్లు పడుతుంది. అందుకే నల్లా.

ఇంకో సంగతి. 2022లో ఒకేసారి కట్టేవాళ్లకు వడ్డీలో 90 శాతం మాఫీ ఇచ్చారు. లెక్క చూడండి. ఏడాదికి 4,000 పన్ను, పదేళ్లు కట్టలేదు. అసలు 40,000, వడ్డీ దగ్గర దగ్గర 48,000. మాఫీ వస్తే వడ్డీ 4,800, మొత్తం 44,800 కట్టి బయటపడతాడు. ప్రతి ఏప్రిల్‌లో లైన్‌లో నిలబడి కట్టినవాడు పదేళ్లకు 38,000 కట్టాడు. పదేళ్లలో తేడా 6,800. నిజాయితీగా కట్టిన మనిషి మా కౌంటర్ దగ్గర నిలబడి “నేనేం తప్పు చేశాను” అని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

పానగల్_గట్టు
సార్ లెక్క కరెక్టే. కానీ ఇల్లు వేలం అనేదానికి నేను అస్సలు ఒప్పుకోను. ఎడిసన్ అన్నా, మీ దేశం సంగతే ఒకటి చెబుతా. మిన్నెసోటాలో 94 ఏళ్ల ముసలావిడ. పన్ను బాకీ 2,300 డాలర్లు, వడ్డీ, జరిమానాలు కలిసి 15,000 అయింది. హెన్నెపిన్ కౌంటీ ఆమె ఫ్లాట్ తీసుకుని 40,000కు అమ్మింది. మిగిలిన 25,000 ఆమెకివ్వలేదు, తనే ఉంచుకుంది. 2023లో సుప్రీంకోర్టు జడ్జిలందరూ ఒక్క మాటగా అది తప్పన్నారు. అప్పటిదాకా చాలా చోట్ల అట్లాగే నడిచింది కదా?

ఎడిసన్_నల్గొండ
తప్పన్నది మిగులు ఉంచుకోవడాన్ని. బాకీకి ఇల్లు అమ్మడాన్ని తప్పనలేదు. బాకీ పోగా మిగిలింది ఓనర్‌కు ఇవ్వాలన్నారు, అంతే.

పానగల్_గట్టు
మరి డెట్రాయిట్? ఇళ్ల ధరలు పడిపోయినా పాత ధరల మీదే పన్ను వేశారు. మూడేళ్లు కట్టలేనివాళ్ల ఇళ్లు తీసుకుని 500 డాలర్ల నుంచి పాట పెట్టారు. పన్ను వేయడంలోనే తప్పుంటే వేలం ఎంత పద్ధతిగా చేసినా ఏం లాభం? మన దగ్గర కొలతలు ఎంత సక్కగా ఉన్నాయో మీకు తెలుసా? మా పక్కింటికి రెండంతస్తులు, మాకు ఒకటి. పన్ను మాకే ఎక్కువ.

కోయిలకొండ_బాట
మా అమ్మానాన్న ఎనిమిది నెలలు బొంబాయిలో పనికి పోతారు. ఇల్లు తాళం. నోటీసు తాళానికి గుచ్చి పోతారు, వాన పడితే ముద్దయిపోతుంది. రెండేళ్లు టైమ్ ఇచ్చామంటే, ఆ రెండేళ్లూ మాకు తెలియకుండానే పోతాయి.

ఎడిసన్_నల్గొండ
ఫోన్‌కు మెసేజ్ పంపొచ్చు కదా.

కోయిలకొండ_బాట
బిల్లు మా తాత పేరు మీద ఉంది. ఆయన పోయి పదకొండేళ్లు. మెసేజ్ ఎవరికి పంపుతారు?

బిల్_కలెక్టర్_రిటైర్డ్
అసలు చిక్కు అక్కడే ఉంది. పాత వార్డుల్లో చనిపోయినవాళ్ల పేరు మీదే చాలా బిల్లులు. మ్యుటేషన్, అంటే రికార్డులో పేరు మార్పు, చేయించుకోరు. ఇప్పుడు రిజిస్ట్రేషన్‌తోనే పేరు మారుతోంది, కానీ వారసత్వంగా వచ్చిన ఇళ్లకు అన్నదమ్ములు కూర్చుని ఒక మాట మీదికి రావాలి. రారు. 75 గజాల లోపు చిన్న ఇంటికి ఏడాదికి 100 రూపాయలే పన్ను. అదీ కట్టరు. కడితే నాది అని ఒప్పుకున్నట్టు, కట్టకపోతే నాది కాదన్నట్టు, అట్లా నడుస్తుంది.

గడియారం_చౌరస్తా
సర్కారు ఆఫీసుల బకాయిలు ముందు వసూలు చేయమనండి. వాటికి నల్లా కట్ చేస్తారా?

కుట్టు_మిషన్
అందరూ అమెరికా, డెట్రాయిట్ మాట్లాడుతున్నారు. నా షాపు సీల్ సంగతి ఒక్కరూ పట్టించుకోలేదు. మూడు రోజులైంది. రేపు ఒక పెళ్లి ఉంది. ఆ పిల్ల తల్లి పొద్దున్నే వచ్చి షట్టర్ ముందు నిలబడి ఏడ్చింది.

ఎడిసన్_నల్గొండ
అన్నా, బాధే. కానీ ఓనర్ కట్టేవాడో కాదో చూసుకోకుండా అద్దెకు దిగితే ఇట్లాగే ఉంటుంది.

కుట్టు_మిషన్
ఆరు వేల అద్దెకు షాపు దొరకడమే కష్టం, ఓనర్ పన్ను రసీదులు అడగాలా? మీరు అక్కడ చల్లగా కూర్చుని మాకు బుద్ధి చెప్పకండి.

పానగల్_గట్టు
అదే అంటున్నా. ఇల్లు అమ్మేయాలని ఈయనకు ఎందుకంత తొందర? ఇక్కడ బతికేవాడికి తెలుస్తుంది ఇల్లంటే ఏమిటో.

ఎడిసన్_నల్గొండ
తొందర ఎందుకో చెబుతా, వినండి. మా నాన్న కట్టిన ఇల్లు నల్గొండలో ఉంది. మా తమ్ముడు అందులో ఉంటున్నాడు. పన్ను కట్టమని ఐదేళ్లు వరసగా డబ్బు పంపాను. పోయిన ఏడాది ఆన్‌లైన్‌లో చూస్తే ఒక్క రూపాయి కట్టలేదు. అడిగితే “నువ్వు వచ్చి కట్టుకో” అన్నాడు. పంచుకుందామంటే పంచడు, అమ్ముదామంటే అమ్మడు. సర్కారే వేలం వేస్తే కనీసం నా సగం నాకు వస్తుంది. ఇది నాకు లెక్కల విషయం కాదు. ఆ ఇంటి మీద మా నాన్న పేరు బకాయిదారుల లిస్టులో చూస్తే నాకు నిద్ర పట్టదు.

పానగల్_గట్టు
ఇప్పుడు అర్థమైంది. నేనూ చెబుతా. మీ తమ్ముడిలాగే మా ఇంట్లో ఉండిపోయినవాణ్ణి నేను. అన్నలిద్దరూ బయట. అమ్మకు పక్షవాతం వచ్చి నాలుగేళ్లు. మలమూత్రాలు ఎత్తింది నేను, నా భార్య. అన్నలు పంపిన పన్ను డబ్బు అమ్మ మందులకు పోయింది. రసీదు లేదు, చూపించలేను. రేపు ఆ బాకీకి ఇల్లు వేలం వేసి మూడు భాగాలు చేస్తే, ఆ నాలుగేళ్లకు నా భాగం ఏది? పేరు ఉన్నవాడిదా ఇల్లు, ఉంటున్నవాడిదా? నేను మొదటి నుంచీ అడుగుతున్నది అదే, నోటితో అనలేకపోయాను.

ఎడిసన్_నల్గొండ
మా తమ్ముడు మందులకు వాడాడో లేదో నాకు తెలియదు. మా అమ్మ పోయినప్పుడు నేను నాలుగో రోజుకు చేరాను. ఫోన్ చేసి అడుగుతాను. కానీ రసీదు లేకుండా ఎవరు ఎంత పెట్టారో మున్సిపాలిటీ ఎట్లా తేలుస్తుంది? నా మాట అక్కడే ఉంది.

బిల్_కలెక్టర్_రిటైర్డ్
అది మున్సిపాలిటీ తేల్చేది కాదు బాబూ. కుట్టు_మిషన్ తమ్ముడూ, నీ సంగతి చూద్దాం. అద్దెకున్నవాడు పన్ను కట్టి ఆ మొత్తం అద్దెలో పట్టుకోవడం పాతకాలం నుంచీ నడిచేదే. ఓనర్‌తో రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకో. కమిషనర్‌కు కాగితం పెట్టి, కొంత ఇప్పుడు, మిగతాది నెల నెలా కడతానని రాయి. సీల్ తీయమని అడుగు. రసీదు మాత్రం అసెస్‌మెంట్ నంబర్ (ఆ ఇంటి పన్ను ఖాతా నంబర్) వేయించి తీసుకో, నీ దగ్గరే పెట్టుకో.

కుట్టు_మిషన్
సార్ చెప్పినట్టే చేశాను. ఓనర్ ఫోన్‌లో అరిచాడు, తర్వాత వాట్సాప్‌లో ఒప్పుకుంటూ రాసి పంపాడు. పది వేలు అప్పు తెచ్చి కట్టాను, రెండు నెలల అద్దెలో పోతుంది. శనివారం సాయంత్రం సీల్ తీశారు. పద్నాలుగు బ్లౌజుల్లో ఆరు ఆ పెళ్లివాళ్లవే. పెళ్లి శుక్రవారమే అయిపోయింది.