బడికీ బార్‌కీ మధ్య దూరం: టేపు సున్నా ఎక్కడ పెట్టాలి?

కొలతలరాయుడు:
భూములు కొలవడం నా వృత్తి. బడి, గుడి దగ్గర మద్యం లైసెన్సు ఇవ్వకూడదనే నిబంధనలు చదువుతుంటే ఒళ్లు మండుతోంది. ఇన్ని అడుగులు, ఇన్ని మీటర్లు అని అంకె మాత్రం దిట్టంగా రాస్తారు. ఎక్కడి నుంచి ఎక్కడికో సరిగ్గా చెప్పరు, చెప్పినా ఒక్కోచోట ఒక్కో తీరు. బడి ముందు పెద్ద ఆటస్థలం ఉందనుకోండి. ప్రహరీ దగ్గర టేపు పెడితే దుకాణం నిషేధంలో పడుతుంది, తరగతి గది గుమ్మం దగ్గర పెడితే హాయిగా బయటపడుతుంది. ఇటు బడీ కదలలేదు, అటు దుకాణమూ కదలలేదు. గీత తిన్నగా గీయాలా, మనిషి నడిచే దారి వెంట కొలవాలా అన్నది మరో తగాదా. చట్టం తెలిసినవాళ్లు చెప్పండి, దీన్ని ఒద్దికగా రాసినవాళ్లు ఎక్కడైనా ఉన్నారా?

పాత ప్లీడరు:
ఉన్నారండీ. అమెరికాలోని టెక్సస్ చట్టంలో దూరం 300 అడుగులు, కానీ కొలిచే పద్ధతులు రెండు. చర్చికైతే వీధివైపు హద్దుల వెంట ముందు తలుపు నుంచి ముందు తలుపుకు కొలుస్తారు. బడికైతే స్థలం హద్దు నుంచి హద్దుకు తిన్నగా. అంకె ఒకటే అయినా బడికే రక్షణ ఎక్కువ.

న్యూయార్క్ వాళ్లది మీకు నచ్చుతుంది. అక్కడ 200 అడుగులు. అదీ రెండూ ఒకే వీధిలో ఉంటేనే, ఆ భవనాన్ని పూర్తిగా బడిగానో ప్రార్థనాలయంగానో వాడుతుంటేనే. ద్వారం మధ్య బిందువు నుంచి ద్వారం మధ్య బిందువుకు సరళరేఖ. ద్వారం అంటే ఏమిటో కూడా రాశారు: బయటివైపు పిడి లేని తలుపు ద్వారం కాదు, అగ్నిప్రమాదం వస్తే బయటికి పారిపోయేందుకు పెట్టిన తలుపూ కాదు. భవనం రోడ్డుకు లోపలగా ఉంటే మెట్లో నడకదారో రోడ్డును తాకే చోటు దాకా కొలవాలి. ఇంత పకడ్బందీగా రాసి, ఆపైన మినహాయింపులు మొదలుపెట్టారు. ఫలానా స్థలానికి ఈ నియమం వర్తించదంటూ, ఫలానా బిందువు దగ్గర మొదలై ఫలానా వీధి వెంట ఇన్ని అడుగులు అని హద్దులు చట్టంలోనే ఎక్కించారు. చదువుతుంటే చట్టమా, స్థలం దస్తావేజా అనిపిస్తుంది.

పంతులమ్మ:
ద్వారం మధ్య బిందువా? వెనక గోడకు చిన్న గేటు ఉంటే సగం బడి దాంట్లోంచే ఖాళీ అవుతుంది. నడకదారి కొలతైతే ఇంకా ఘోరం. జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం అమ్మకూడదని 2016 డిసెంబరులో మన సుప్రీంకోర్టు చెప్పాక, కేరళలో ఒక బార్ ఏం చేసిందో గుర్తుందా? మెలికలు తిరిగే దారి కట్టి నడక దూరం పెంచేసుకుంది. బార్ మాత్రం ఉన్నచోటే ఉంది. నన్నడిగితే ఈ లెక్కలన్నీ వద్దు. బడివాళ్లు, గుడివాళ్లు ఒప్పుకుంటేనే లైసెన్సు ఇవ్వాలి.

పాత ప్లీడరు:
అమ్మా, అదీ చేసి చూశారు. మసాచుసెట్స్‌లో 500 అడుగుల లోపు ఉన్న బడి గానీ చర్చి గానీ రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే లైసెన్సు దక్కేది కాదు. హార్వర్డ్ స్క్వేర్‌లోని గ్రెండెల్స్ డెన్ అనే రెస్టారెంటుకు ఇవ్వవద్దని పది అడుగుల దూరంలో ఉన్న చర్చి అడ్డుకుంది. విచిత్రమేమిటంటే, ఆ చుట్టుపక్కల 500 అడుగుల లోపల అప్పటికే చాలా లైసెన్సులు ఉన్నాయి. 1982లో అమెరికా సుప్రీంకోర్టు 8–1 తేడాతో ఆ చట్టాన్ని కొట్టేసింది. ప్రభుత్వం తీసుకోవాల్సిన నిర్ణయాన్ని మతసంస్థ చేతిలో వీటోగా పెట్టకూడదంది. చట్టమే నేరుగా దూరం నిర్ణయించవచ్చు, లేదా విచారణ జరిపి అభ్యంతరాలకు తగిన విలువ ఇవ్వవచ్చు అని కూడా చెప్పింది.

తటస్థుడు:
అసలు దూరం గొడవ ఎందుకు? ఇంగ్లండ్, వేల్స్‌లో 2003 నాటి చట్టం అడుగుల జోలికే పోదు. నేరాల నివారణ, ప్రజల భద్రత, చుట్టుపక్కల వారికి ఇబ్బంది లేకపోవడం, పిల్లలకు హాని జరగకపోవడం, ఈ నాలుగూ చూసి స్థానిక సంస్థ ఏ దరఖాస్తుకు ఆ దరఖాస్తు తేలుస్తుంది. బడి వదిలాక తెరిచే బార్‌తో ఎవరికి నష్టం?

కొలతలరాయుడు:
తటస్థుడు గారూ, ప్రతి దరఖాస్తుకూ విచారణ అంటే పని మానుకుని వెళ్లి గట్టిగా మాట్లాడగలవాళ్లున్న వీధే నెగ్గుతుంది. అంకె మొండిది, అయినా మొహం చూసి మారదు. నా ఓటు బడి విషయంలో టెక్సస్ పద్ధతికే. హద్దు నుంచి హద్దుకు కొలిస్తే పంతులమ్మ గారి వెనక గేటు ఎటున్నా ఫరవాలేదు, మెలికల దారి ఎత్తూ పారదు. ఇక ప్రార్థనాలయానికి న్యూయార్క్ కొలత చాలు. ఆ పిడి సంగతి రాసినవారెవరో గానీ, కచ్చితంగా టేపు పట్టుకుని వీధిలో నిలబడి ఉంటారు!

ఒక్కటి తేలలేదు. లైసెన్సు ఇచ్చాక పక్కన కొత్తగా బడి వస్తే మళ్లీ కొలవాలా?

పాత ప్లీడరు:
న్యూయార్క్ చట్టం ప్రకారం, బడి రాకముందు నుంచీ ఆ చోట లైసెన్సు తెగకుండా నడుస్తుంటే ఈ కారణంతో నిరాకరించకూడదు. మధ్యలో తెగితే ఆ వెసులుబాటు ఉండదు. అందుకే అలాంటి చోట పాత బార్ కొనేవాళ్లు అద్దె కాగితాల కంటే ముందు లైసెన్సు తేదీల వరస చూసుకోవాలి.